నా ఒడ్డూ పొడుగుకు తగ్గ కయాక్ కోసం ఏడు నెలలు

నా బరువు 54 కిలోలు, ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. కయాక్ (ఒక్కరు కూర్చుని తెడ్డుతో నడిపే చిన్న పడవ) కొన్న సంగతి చెబుతూ ముందుగా ఈ లెక్కలు ఎందుకంటే, ఏడు నెలలు నేను పడ్డ ఇబ్బందులన్నీ చివరికి ఇక్కడికే వచ్చి ఆగాయి. ఏ కంపెనీ, ఏ రంగు, కొత్తదా పాతదా అన్నవన్నీ తర్వాత. ముందు పడవ నా బరువుకు తగ్గది కావాలి. ఈ మాట నాకు మొదటి నెలలోనే తెలిసి ఉంటే సగం వేసవి మిగిలేది.

మేం అట్లాంటాకు ఉత్తరాన ఆల్ఫరెటాలో ఉంటాం. నేను పుట్టింది మాత్రం కోనసీమలో, గోదావరి పాయ పక్కన. చిన్నప్పుడు లంక పొలాలకు నావ మీద దాటేవాళ్ళం. నావ నడిపే తాత ఎక్కే ప్రతి మనిషినీ ఒకసారి ఎగాదిగా చూసి, "నువ్విటు రా అమ్మా, మీరు ఆ చివరికి జరగండి" అని సర్ది కూర్చోబెట్టేదాకా గడ వేసేవాడు కాదు. అది ఎంత పెద్ద విద్యో అప్పట్లో నాకు తెలియలేదు.

మా చుట్టుపక్కల వైట్‌వాటర్‌కు, అంటే బండల మధ్య నురగలతో వడిగా పారే నదులకు, లోటు లేదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో వైట్‌వాటర్ పోటీలు టెనెసీలోని ఒకోయీ నది మీదే జరిగాయి. నార్త్ కెరొలైనాలో నాంటహేలా ఉంది. ఊళ్ళోనే చాటహూచీ ఉంది. ఆఫీసులో ఒకావిడ ఏళ్ళుగా కయాకింగ్ చేస్తోంది. 2022 జనవరిలో ఆవిడ వెంట ఒక ఇండోర్ స్విమ్మింగ్ పూల్‌లో జరిగే శిక్షణకు వెళ్ళాను.

అక్కడ మొదట నేర్పేది తెడ్డు వేయడం కాదు, పడవ తిరగబడితే బయటికి రావడం. వైట్‌వాటర్ కయాక్‌లో నడుముకు స్కర్ట్ వేసుకుంటాం. దాని అంచు కాక్‌పిట్, అంటే మనం కూర్చునే గుంట, చుట్టూ గట్టిగా బిగుసుకుని నీళ్ళు లోపలికి రాకుండా ఆపుతుంది. ముందు భాగంలో లాగడానికి ఒక పట్టీ ఉంటుంది. తలకిందులయ్యాక ముందుకు వంగి, పడవ అడుగును చేతులతో మూడుసార్లు చరిచి, ఆ పట్టీ లాగి, పడవను తుంటి దగ్గర నుంచి నెట్టేసి బయటికి జారాలి. మొదటిసారి నా పట్టీ స్కర్ట్ లోపలికి మడతపడి ఉంది. నీళ్ళలో తలకిందులుగా వేళ్ళతో వెతుకుతున్నాను, దొరకదు. పక్కన నిలబడ్డ ఇన్‌స్ట్రక్టర్ పడవ పట్టుకుని నన్ను తిప్పేశారు. ఆ రోజు నుంచి పట్టీ చేత్తో తడిమి చూసుకోకుండా నేను ఒడ్డు వదలలేదు.

ఆ తర్వాత రోల్. తిరగబడ్డ పడవలోనే ఉండి, తెడ్డు ఆసరాగా నడుము విసురుతో మళ్ళీ నిటారుగా లేవడం. ఇక్కడ మొదలైంది నా కష్టం. నాకు అరువిచ్చిన పడవ క్రీక్ బోట్ అనే లావుపాటి రకం, అందులోనూ పెద్దది. 85 కిలోల మనిషికి చక్కగా సరిపోయేది. సీట్లో కూర్చుంటే తుంటికి రెండు వైపులా నాలుగేసి వేళ్ళ ఖాళీ. మోకాళ్ళు పైన ఒత్తాల్సిన చోటికి అందేవి కావు. నేను నడుము విసిరితే నా నడుమే తిరిగేది, పడవ ఉన్నచోటే ఉండేది. "తల చివర్లో లేపు, తల చివర్లో లేపు" అని ఇన్‌స్ట్రక్టర్ ఓపికగా చెబుతూనే ఉన్నారు. నేను తలనే తిట్టుకుంటూ ఉన్నాను. మార్చి అయిపోయింది, రోల్ రాలేదు.

ఏప్రిల్, మే నెలల్లో అదే పడవతో చాటహూచీ మీద పవర్స్ ఐలాండ్ దగ్గరికి వెళ్ళేవాళ్ళం. పెద్ద ఉధృతి ఉన్న చోటు కాదది. బండల వెనక నీరు వెనక్కి తిరిగి కాస్త నిలకడగా ఉంటుంది, దాన్ని ఎడ్డీ అంటారు. ప్రవాహంలోంచి ఎడ్డీలోకి, ఎడ్డీలోంచి ప్రవాహంలోకి మారడమే కొత్తవాళ్ళకు అసలు సాధన. మారే క్షణంలో పడవను ఒక పక్కకు ఒరిగించి పట్టాలి. ప్రవాహం వచ్చే వైపు అంచు కిందికి దిగిందంటే నీరు దాని మీదికెక్కి ఒక్క దెబ్బకు బోర్లా వేసేస్తుంది. నేను ఎంత ఒరిగినా ఆ పడవ ఒరిగేది కాదు. బిందెలా నీటి మీద తేలి, గాలి ఎటు వీస్తే అటు పోయేది. తెడ్డు వేసిన ప్రతిసారీ పడవ పక్కకు తగిలి బొటనవేళ్ళ కణుపులు ఒరుసుకుపోయేవి. మే నెలలో ఒకే పూట అయిదుసార్లు నీళ్ళలో పడ్డాను. బ్యూఫోర్డ్ డ్యామ్ నుంచి వచ్చే ఆ నీళ్ళు చలికి ఎముకలు కొరికేస్తాయి. ఇంటికొచ్చి, ఇది నా వల్ల కాదేమో అని మా ఆయనతో అన్నాను.

మలుపు మే చివర్లో వచ్చింది. లేక్ లానియర్‌లో సాయంత్రం ప్రాక్టీస్. పదమూడేళ్ళ అమ్మాయి ఒకతి తన పడవను ఒడ్డున వదిలి తినడానికి వెళ్ళింది. వాళ్ళ అమ్మను అడిగి అందులో కూర్చున్నాను. కూర్చున్న క్షణంలోనే తేడా తెలిసింది. తుంటికి రెండు పక్కలా మెత్తలు ఆనాయి. మోకాళ్ళు కొక్కేల్లా పైన పట్టుకున్నాయి. కుడి తుంటి కాస్త ఎత్తితే పడవ కుడి పక్క ఎత్తింది. తిరగబడ్డాను, తెడ్డు చాచాను, నడుము విసిరాను. మూడో ప్రయత్నంలో ఆకాశం కనపడింది. మళ్ళీ చేశాను, మళ్ళీ లేచాను. నాలుగు నెలలుగా నా తలదే తప్పు అనుకున్నదాన్ని. ఒడ్డుకొచ్చి గడ్డి మీద కూర్చుంటే ఏడుపొచ్చింది.

ఆ రాత్రి నుంచే కయాక్‌ల గురించి చదవడం మొదలుపెట్టాను. మా ఆయన మంచి మనసుతోనే, పెద్ద షాపుల్లో మూడు వందల డాలర్లకు దొరికే పదడుగుల కయాక్ కొనేద్దామన్నాడు. అవి చెరువుల కోసం చేసినవి. కాక్‌పిట్ పెద్దగా ఉంటుంది, తొడలు ఒత్తడానికి ఆసరా ఉండదు, స్కర్ట్ బిగుసుకోదు. వడి నీటిలో ఒక అల చాలు, నిండిపోతుంది. నిండిన పడవను నదిలోంచి లాగడం ఎవరి తరమూ కాదు. డబ్బు ఆదా అవుతుందని దాంతో నదిలోకి మాత్రం ఎవరూ దిగకండి. ఇది ప్రాణాలతో పని.

వైట్‌వాటర్ పడవల్లోనూ రకాలున్నాయి. క్రీక్ బోట్ లావుగా, ఘనపరిమాణం ఎక్కువగా ఉంటుంది. జలపాతాల కింద మునిగినా వెంటనే పైకి తేలాలి కాబట్టి అలా చేస్తారు. ప్లేబోట్ పొట్టిది. అలల మీద విన్యాసాలకు బాగుంటుంది, నది పొడవునా ప్రయాణానికి నెమ్మది. హాఫ్ స్లైస్‌కు ముందు భాగం లావు, వెనక భాగం పలక. ఈ మధ్య అందరి చేతుల్లోనూ అదే కనపడుతోంది. ఇక రివర్ రన్నర్ ఈ మూడింటికీ మధ్యస్థం. నాలాంటి కొత్తవాళ్ళకు అదే సరైనదని నా గట్టి నమ్మకం.

రకం తేలాక అడుగు చూడాలి. బల్లపరుపు అడుగు అయితే చురుగ్గా గిర్రున తిరుగుతుంది, అలల మీద నిలబడుతుంది. కానీ అంచులు పదునుగా ఉంటే చిన్న పొరపాటుకు కూడా బోర్లా వేస్తుంది. గుండ్రటి అడుగు తప్పును క్షమిస్తుంది, ప్రవాహం మధ్యలో నెమ్మదిగా ఒరుగుతుంది. అంచు ఎప్పుడు నీటిని పట్టుకుంటుందో తెలుసుకోవాలంటే అంచు కొంచెమైనా ఉండాలి, లేకపోతే నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే మెత్తటి అంచులున్నది వెతికాను. ముక్కు పైకి వంగి ఉండటాన్ని రాకర్ అంటారు. అది ఉంటే అలల్ని గుచ్చుకోకుండా ఎక్కి దాటుతుంది.

వీటన్నిటికంటే ముందు బరువు లెక్క. ఒంటి బరువు ఒక్కటే చూస్తే పొరపాటే. హెల్మెట్, లైఫ్ జాకెట్, స్కర్ట్, తడిసిన బట్టలు, తాగే నీళ్ళు, రక్షణకు వాడే తాడు కలిపితే నాకు మరో ఆరు కిలోలు తేలాయి. అంటే 60 కిలోలు, 132 పౌండ్లు. ప్రతి సైజుకూ కంపెనీ ఇంత నుంచి ఇంత బరువు అని హద్దులిస్తుంది. మన లెక్క ఆ హద్దుల మధ్యలో పడాలి. కింది చివర పడితే బిందెలా తేలుతుంది. పై చివర పడితే తోక మునిగి నీరు నెట్టేస్తుంది. మీడియం తీసుకుంటే అందరికీ పనికొస్తుందని నాకు చాలామంది చెప్పారు. వాళ్ళలో ఎవరి బరువూ నా దగ్గర్లో లేదు.

కాగితం మీద లెక్క ఎంత కుదిరినా కూర్చుని చూడనిదే కొనకూడదని జూన్, జూలై వారాంతాలన్నీ దానికే పెట్టాను. డాగర్ సౌత్ కెరొలైనాది, లిక్విడ్‌లాజిక్ నార్త్ కెరొలైనాది, జాక్సన్ టెనెసీది. మూడూ మా చుట్టుపక్కల రాష్ట్రాల కంపెనీలే కాబట్టి ఈ ప్రాంతంలో వాళ్ళ పడవలు పుష్కలంగా తిరుగుతుంటాయి. కొన్ని షాపులు రోజు అద్దెకు ఇస్తాయి. మిగిలినవి తోటివాళ్ళను అడిగి ఎక్కాను. కాదన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

లిక్విడ్‌లాజిక్ రీమిక్స్ 59తో మొదలుపెట్టాను. పొడవు ఎక్కువ, బాణంలా పోతుంది. ప్రవాహానికి అడ్డంగా దాటడం దీంట్లో ఎంత సులువో! కానీ ఎడ్డీలో చోటు తక్కువైతే తిప్పడానికి నా బలం చాలలేదు. జాక్సన్ జెన్ చిన్న సైజు హాయిగా ఉంది, కూర్చోగానే ఇంట్లో ఉన్నట్టనిపించింది. తర్వాత ఒక స్నేహితురాలు బలవంతం చేస్తే హాఫ్ స్లైస్ ఎక్కాను. పది నిమిషాలు బాగానే నడిచింది. ఎడ్డీకీ ప్రవాహానికీ మధ్య గీత దాటుతుంటే పలచటి తోక నీటిలోకి జారింది, ముక్కు నిలువుగా లేచింది, నేను వెల్లకిలా నీళ్ళలో ఉన్నాను. తెలిసినవాళ్ళకు అదే సరదా. నాకింకా ఆ సరదా పట్టే వేళ రాలేదు. పైగా అందులో పాదాలు ఇరుకై వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఇది చాలామంది మర్చిపోతారు: నదిలో వేసుకునే బూట్లతోనే కూర్చుని చూడాలి.

చివరగా డాగర్ మాంబా 7.6. పేరులోని అంకె పడవ పొడవు, అంటే ఏడడుగుల ఆరంగుళాలు. ఎడ్డీలోకి తిప్పితే అంచు మెల్లగా నీటిని పట్టుకోవడం తుంటి కింద తెలిసింది. పొరపాటున ఎదురు అంచు దించాను, వెంటనే బోర్లా వేయకుండా ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణమే నాకు కావాల్సింది.

అప్పట్లో కొత్తది 1,300 డాలర్ల పైమాటే. అలవాటు నిలుస్తుందో లేదో తెలియకుండా అంత పెట్టబుద్ధి కాలేదు, పాతది వెతికాను. మొదట దొరికిన మనిషి "మూడేళ్ళ పడవ, పెద్దగా వాడలేదు" అని ఫోన్‌లో చెప్పాడు. గంటన్నర కారు నడుపుకుంటూ వెళ్ళాను. అమెరికాలో అమ్మే ప్రతి పడవకూ వెనక భాగంలో కుడి పక్కన 12 అక్షరాలూ అంకెలూ ఉన్న నంబరు ఉంటుంది. చివరి రెండంకెలు మోడల్ సంవత్సరం. వంగి చదివితే 09 అని ఉంది. పదమూడేళ్ళ పడవ! సరే, వయసుదేముందని లోపల చూశాను. మా అమ్మాయి ఫోన్ లైటు వేసి పట్టుకుంటే సీటు కింద చెయ్యి పెట్టి తడిమాను. కాలి మడమ ఆనే చోట గోటికి ఏదో తగిలింది. వెంట్రుకంత గీత. అడిగితే ఉత్త గీతేనన్నాడు. ఆయన పంపు దగ్గరే రెండు బకెట్ల నీళ్ళు పోయమన్నాను. నిమిషంలో అడుగున తడి ఊరి, బొట్టు కట్టి రాలింది. ఆయన ఏమీ అనలేదు. మేమూ ఏమీ అనకుండా కారెక్కాం. దారిపొడుగునా చెయ్యి వణుకుతూనే ఉంది. పడవ నది మధ్యలో చీలితే ఏమయ్యేదో అన్న ఆలోచన వదలలేదు.

పాత పడవ చూడబోయేవాళ్ళకు నాకు తెలిసింది చెబుతాను. పైన కనపడే గీతల గురించి భయం వద్దు, బండల మీద తిరిగిన పడవకు గీతలు ఉంటాయి. సీటు కింద, మడమల కింద, సీటు బోల్టుల చుట్టూ చూడండి. అడుగున బొటనవేలితో గట్టిగా నొక్కండి. ఒకచోట మరీ మెత్తగా దిగితే ప్లాస్టిక్ అక్కడ అరిగిపోయినట్టు. కారు మీద పట్టీలు బిగించి కట్టడం వల్ల పడే సొట్టలు చాలావరకు ఎండలో పెడితే తేరుకుంటాయి. రంగు వెలిసి పొడిబారినట్టుంటే ఏళ్ళ తరబడి ఎండలో పడి ఉన్నదని అర్థం, అది వద్దు. ముందూ వెనకా ఉన్న పట్టుకునే పిడులు ఊపి చూడండి, ఆపదలో పడవనీ మిమ్మల్నీ లాగేది వాటితోనే.

ఆగస్టులో మాంబా 7.6 ఒకటి దొరికింది, 600 డాలర్లు. అమ్మినావిడదీ నా అంత ఒడ్డే. అడగకుండానే నంబరు చూపించింది. రోల్ చేసేటప్పుడు ఎడమ మోకాలి దగ్గర స్పాంజి ముక్క ఎందుకు అతికించుకుందో కూర్చుని మరీ చెప్పింది.

పడవ ఇంటికొచ్చాక కూడా పని అయిపోలేదు. నిజానికి అప్పుడే మొదలైంది. లివింగ్ రూమ్ కార్పెట్ మీద పెట్టుకుని, బూట్లు వేసుకుని, అందులో గంటసేపు కూర్చున్నాను. ఇరవై నిమిషాలకే కుడికాలు తిమ్మిరెక్కింది. పాదాలు ఆనించే పలక మరీ దగ్గరగా ఉంది, రెండు రంధ్రాలు దూరంగా జరిపాను. నడుం పట్టీ పైకి ఎక్కి వీపుని కోస్తోంది, కిందికి దించి కట్టాను. తుంటి మెత్తల లోపల ఒక వైపు రెండు, ఇంకో వైపు ఒకటి స్పాంజి పొరలు పెడితేగాని రెండు పక్కలా సమానంగా ఆనలేదు. నా తుంటి రెండు వైపులా ఒకేలా లేదని నలభై ఒకటో ఏట తెలిసింది. ఎంత బిగించాలంటే, నేను ఒరిగితే పడవ ఒరగాలి, పట్టీ లాగి తోస్తే మాత్రం ఎక్కడా పట్టుకోకుండా బయటికి జారిపోవాలి. బిగించిన ప్రతిసారీ కళ్ళు మూసుకుని బయటికి రావడం సాధన చేశాను. వెనక భాగంలో గాలి సంచులు లేవు, అవి విడిగా కొన్నాను. సంచులు లేకుండా ఇంత పడవ పూర్తిగా నిండితే నీటి బరువే 200 కిలోలు దాటుతుంది.

సెప్టెంబరులో నాంటహేలా. ఇంటి నుంచి సుమారు రెండున్నర గంటల ప్రయాణం. కొండ మీద 1942లో కట్టిన డ్యామ్ వెనకున్న సరస్సు నీటిని కిందికి తెచ్చి కరెంటు తీసి వదులుతారు. ఎండాకాలంలోనూ నీళ్ళు దాదాపు 10 డిగ్రీలే. ఎనిమిది మైళ్ళ దూరం, ఎక్కువగా క్లాస్ 2 (ప్రవాహం ఎంత కష్టమో చెప్పే అంకె, పెరిగేకొద్దీ కష్టం), చివర్లో క్లాస్ 3 జలపాతం ఒకటి. దిగిన కాసేపటికే నది వంపు తిరుగుతుంది, ప్రవాహం బయటి గట్టు వైపు నెడుతుంది. అక్కడ తిరగబడ్డాను. చెవుల్లో హోరు, చలికి తల పగిలినట్టు. మోకాళ్ళు మాత్రం వాటి చోటే ఉన్నాయి. తెడ్డు చాచి నడుము విసిరితే లేచాను. వెనక వస్తున్న స్నేహితురాలు కేక వేసింది, నాకు ఊపిరి తీసుకోవడమే సరిపోయింది.

ఆ రోజు జలపాతం దగ్గర ఒడ్డుకు చేరి, దాన్ని పావుగంట చూసి, పడవ భుజానికెత్తుకుని నడిచి దాటాను. దాదాపు 19 కిలోలు. ఒక్కదాన్నే మోయగలగడం కూడా కొనేముందు చూసుకోవాల్సిన విషయమే. అక్టోబరులో మళ్ళీ వెళ్ళినప్పుడు దూకాను. కింద అల ఛాతీకి కొట్టింది, పడవ ఎడమకు ఒరిగింది. నేను అనుకునేలోపే ఎడమ మోకాలు పైకి ఒత్తింది, పడవ లేచింది.

మా అమ్మాయి ఒడ్డు మీంచి ఫోటో తీసింది. ఏప్రిల్‌లో చాటహూచీలో తీసిన ఫోటో కూడా దాని ఫోన్‌లోనే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. ఏప్రిల్ ఫోటోలో పడవ సగానికి పైగా నీటి పైనే తేలుతోంది, అందులో నేను అంచు పట్టుకుని కూర్చున్నట్టున్నాను. అక్టోబరు ఫోటోలో నీళ్ళు పడవ పక్క సగం దాకా వచ్చాయి. పడవ ఎక్కడ అయిపోయి నేను ఎక్కడ మొదలయ్యానో వెతకాల్సి వచ్చింది.